అరికాలు చూసే ఓబమ్మ

ఉదయగిరిలో ఎవరికైనా నడుము పట్టేస్తే ముందు ఓబమ్మకు కబురు వెళ్లేది, ఆసుపత్రి ఆ తర్వాత. ఆమె ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. తల ముందు రాకుండా కాళ్లు ముందు వచ్చిన బిడ్డ పెరిగి తొక్కితే పట్టులూ బెణుకులూ వదులుతాయని మా వైపు నమ్మకం. ఓబమ్మ పుట్టిన పూటే వాళ్లమ్మ చనిపోయింది. వరికుంటపాడు దగ్గరి పల్లెలో అవ్వ పెంచింది. కోపం వస్తే ఆ అవ్వే "నా కూతుర్ని తన్ని చంపిన కాళ్లు" అనేది. వాకిట్లోకి నడుము పట్టినవాడు వచ్చి కూర్చుంటే ఆ కాళ్లనే కడిగి, పసుపు రాసి, తొక్కమని పంపేది. ఏడేళ్ల వయసు నుంచి ఓబమ్మ ఈ రెండు మాటల మధ్య పెరిగింది.

చిన్న వయసులోనే ఉదయగిరి కోడలైంది. భర్త ఒక వేసవిలో వడదెబ్బకు పోయాడు. పిల్లలు లేరు. కొండ మీద నుంచి కట్టెలు మోసుకొచ్చి అమ్ముకునేది. బస్టాండు నుంచి కొండకు పోయే దారిలో నేను టైరు చెప్పులు కుట్టేవాణ్ని. ముఖాల కంటే కాళ్లు ఎక్కువ చూసే పని నాది. ఆమె పాదాలు వెడల్పు, వేళ్లు విడివిడిగా పరుచుకొని ఉండేవి. నా దగ్గర ఏనాడూ చెప్పులు కొనలేదు. "నేల తెలవకపోతే నాకు నడక రాదు ప్రసాదం" అనేది.

నడుము తొక్కడం ఆమెకు వచ్చిన పని. నా నడుమే రెండుసార్లు ఆమె కాలి కింద బాగుపడింది కాబట్టి చెబుతున్నాను. మనిషిని చాప మీద బోర్లా పడుకోబెట్టి, దూలానికి కట్టిన తాడును రెండు చేతులా పట్టుకునేది. ముందు బొటనవేలు ఒక్కటే వెన్ను పక్కన ఆనించి, కండ ఎక్కడ గట్టిపడిందో వెతికేది. తర్వాత పాదం ఆనించేది. ఆ తర్వాత కొద్దికొద్దిగా ఒంటి బరువు వదిలేది. తాడు మాత్రం వదిలేది కాదు. తొక్కుతున్నంతసేపు నోరు విప్పేది కాదు.

నోరు విప్పకపోవడం ఆచారం. పరగడుపున తొక్కాలి, మూడు పొద్దులు వరసగా తొక్కాలి, మొదలుపెట్టాక మూడో పొద్దు దాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే పట్టు లోపలికి దిగి జన్మంతా ఉండిపోతుందని చెప్పేవాళ్లు. ప్రతిఫలం పుచ్చుకోకూడదు, ఆకూవక్కా ఇస్తే చాలు. ఇవన్నీ ఆమె అవ్వ దగ్గర నేర్చుకుంది. ఏది ఎందుకో అవ్వ చెప్పలేదు, ఆమె అడగలేదు.

వలి కాలు ఆమె చేతికి వచ్చేదాకా అడగవలసిన అవసరం కూడా రాలేదు.

వలి చెక్కపనివాడు. కొండ మీద దొరికే కలివి, నర్ది చెక్కలతో చెమ్చాలు, గరిటెలు, దువ్వెనలు చేసేవాడు. అది నేల మీద కూర్చొని చేసే పని. చెక్కను బిగించి పట్టడానికి అప్పట్లో వాళ్లకు వేరే పనిముట్టు లేదు, ఎడమపాదమే పట్టుకారు. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ చెక్కను ఇరికించి, పాదాన్ని మధ్యలో విల్లులా వంచి, మొద్దుకు అదిమిపెట్టి రెండు చేతులా ఆకురాయి నడుపుతారు. వలి ఒక చెమ్చా కాడకు చేప తల చెక్కుతుంటే నేను పని ఆపి చూసేవాణ్ని. చేతులు ఆకురాయి మీద ఉండేవి. చెక్క ఎంత తిరగాలో అంత తిప్పేది మాత్రం పాదం. ఆ పాదానికి ఉన్న పనితనం నా చేతులకు లేదని నాకు నేనే ఒప్పుకున్న రోజులు ఉన్నాయి.

డెబ్బై ఏడు నవంబరులో అతను దెబ్బ తిన్నాడు. తుఫాను వానలు వెలిసి పదిరోజులు కూడా కాలేదు. కొండ మెట్లదారిలో రాళ్ల మధ్య మట్టి కొట్టుకుపోయింది, ఉన్న రాళ్లకు నాచు పట్టింది. తన చెక్క తనే ఏరుకోవడం వలికి అలవాటు. తెల్లవారి ఎక్కినవాడు మధ్యాహ్నం దాకా తిరిగి, కాళ్లు అలిసి దిగుతున్నాడు. కలివి చెక్కల మోపును జారకుండా భుజానికీ నడుముకూ కలిపి తాడుతో బిగించి కట్టుకున్నాడు. కాళ్లకు అరిగిన రబ్బరు చెప్పులు. అతని వెనకే ఓబమ్మ కట్టెల మోపుతో దిగుతోంది.

రెండు రాళ్ల సందులోకి వలి ఎడమకాలి వేళ్లు దిగాయి. మెత్తటి చెప్పు వంగి వేళ్లతో సహా ఇరుక్కుంది. మడమ పైకి లేచింది, వేళ్లు కదల్లేదు, వీపు మీద మోపు మనిషిని ముందుకు తోసింది. ఆ బరువంతా పాదం మధ్యలో పడి, వంగకూడని చోట వంగింది. మోపు వదిలేస్తే పక్కకు పడి మోచెయ్యి గీరుకునేది, అంతే. వదలడానికి వీల్లేకుండా ఒంటికి కట్టుకున్నాడు.

"ఏందబ్బయ్యా, పడినావా?" అంది ఓబమ్మ.

"కాలు మడతపడిందిలే అక్కా."

"మోపు దించు. రేపొచ్చి తీసుకుపోదువు."

"రేప్పొద్దున దాకా ఉంచుతారా దీన్ని? ఇంత చక్కటి కలివి దొరికి మూడు నెల్లయింది" అన్నాడు.

ఆ మోపుతోనే కుంటుకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాటికి పాదం పైభాగం ఉబ్బి నున్నగా మెరిసింది. చీలమండ మాత్రం మామూలుగానే ఉంది. అందుకే అది చిన్న బెణుకని అందరూ అనుకున్నారు. వలి భార్య సుగ్రాబీ వచ్చి ఓబమ్మను పిలుచుకుపోయింది. ఇంటి నిండా ఇరుగుపొరుగు. ఓబమ్మ అతని కాలు పైకెత్తి చూసింది. అరికాలి నడిమధ్యన నేరేడుపండు నలిపినట్టు నీలిమచ్చ ఉంది. బెణికిన చీలమండలు నీలపడటం ఆమె చూసింది. అరికాలు నీలపడటం అదే మొదటిసారి.

"ఇక్కడెందుకు ఇట్టా అయింది?" అంది.

వలి తల్లి బీబమ్మ పక్కనే ఉంది. "చెడ్డ రక్తం కిందికి దిగుండాది. నువ్వు తొక్కితే చెదిరిపోతాది, తొక్కమ్మా" అంది.

ఓబమ్మ తొక్కింది. తర్వాత ఏళ్ల పాటు ఆమె నా అంగడి ముందు కూర్చొని చెప్పిన మాట ఇది. బెణికిన చీలమండను తొక్కితే కాలి కింద తాడు సాగినట్టు ఉంటుందట. ఇది అలా లేదు. గోతాంలో గులకరాళ్లు ఒకదాని మీది నుంచి ఒకటి జరిగినట్టు ఉందట. ఆ కదలిక తన మడమకు స్పష్టంగా తెలిసింది. వలి నోట్లో తువ్వాలు కుక్కుకొని ఉన్నాడు. తొక్కేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఆమె అడగలేదు. దిగాక అడిగింది.

"ఎట్టుండాది వలీ?"

"తేలిగ్గా ఉండాదక్కా" అన్నాడతను. నుదుటి మీద చెమట కారుతూనే ఉంది.

రెండో పొద్దు కూడా అదే కదలిక. మూడో పొద్దు ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది.

"రామ్మా, ఎందుకు నిలబడినావు? మూడోది ఎగ్గొడితే నా బిడ్డ కాలు ఇట్టే ఉండిపోతాది" అంది బీబమ్మ. చూడటానికి వచ్చినవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఓబమ్మ లోపలికి వెళ్లి తాడు పట్టుకుంది.

మూడు పొద్దులు అయ్యాక నడవాలన్నారు కాబట్టి వలి నడిచాడు. కాలు బాగైతే అనుమసముద్రంపేట దర్గాకు చెప్పుల్లేకుండా నడిచి వస్తామని సుగ్రాబీ మొక్కుకుంది. వాపు కొంచెం తీసింది, బాగైనట్టే అనుకున్నారు. పన్నెండో రోజున బస్సులో ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి దర్గాకు నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు వలిని ఎవరో ఎద్దులబండి మీద ఆత్మకూరు దాకా తెచ్చారని విన్నాను.

నెల తిరిగాక అతను నా అంగడికి వచ్చాడు. పాత చెప్పు పట్టడం లేదు, కొత్తది కుట్టమన్నాడు. కాగితం మీద కాలు పెట్టించి పెన్సిలుతో గీత గీశాను. కుడిపాదానికి మనిషి పాదానికి ఉండవలసిన నడుము, మధ్యలో సన్నబడే వంపు, ఉంది. ఎడమపాదానికి లేదు. లోపలి పక్క ఎముక ఉబికి, పాదం వేళ్ల దగ్గర బయటికి తిరిగి, అడుగు మొత్తం నేలకు అంటుకుంది. ఇరవై ఏళ్లుగా కాళ్ల కొలతలు తీస్తున్నాను, నెలరోజుల్లో ఇలా మారిన పాదాన్ని చూడలేదు.

"పని చేస్తున్నావా?" అన్నాను.

"చెక్క నిలవడం లేదు ప్రసాదం. పడతా ఉండాను, జారిపోతా ఉండాది" అన్నాడు.

ఆ మాట ఓబమ్మ చెవిన పడింది. డెబ్బై ఎనిమిది జనవరిలో ఆమే వెంటబడి వలినీ సుగ్రాబీనీ ఆత్మకూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నెల్లూరులో ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. తీయించుకొని మళ్లీ ముగ్గురూ వెళ్లారు. డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూపించాడు. బొటనవేలి వెనక పొడుగు ఎముకకూ పక్కదానికీ నడుమ చీకటి సందు.

"ఈ రెండిటినీ పట్టి ఉంచే కట్టు తెగింది. మొదటి వారంలో వచ్చుంటే ఎముకలు సరిగ్గా కూర్చోబెట్టి, ప్లాస్టర్ వేసి, ఆరేడు వారాలు కాలు నేల మీద పెట్టకుండా చూసేవాళ్లం. ఇప్పుడు ఎక్కడివి అక్కడ అతుక్కుపోయాయి. దీన్ని రుద్దారా, లాగారా, ఏం చేశారు?"

"గుంతలో కాలు పడింది సార్. అంతే" అన్నాడు వలి.

"గుంతలో పడితే ఇంత దూరం జరగవయ్యా."

"నేను తొక్కినాను" అంది ఓబమ్మ. "మూడు పొద్దులు తొక్కినాను."

డాక్టరు ఆమె వంక చూశాడు. తిడతాడనుకుంది. బయట జనం చాలామంది ఉన్నారు, ఆయనకు తిట్టే తీరిక లేదు. ఫిల్మును కవరులో పెట్టి సుగ్రాబీకి ఇచ్చాడు.

"తొక్కకముందు తెలుసుకోవాలంటే ఎట్టా సార్? గుర్తు ఏంది?" అంది ఓబమ్మ.

ఆ ప్రశ్నకు ఆయన ఆగాడు. తన బూటు విప్పి, మేజోడు లాగేసి, పాదం కుర్చీ మీద పెట్టి చూపించాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఓబమ్మ అదే పాదం తన ముందు ఉన్నట్టు వేలితో గాలిలో గీసేది. అరికాలి నడుమ నీలం కనబడితే అది బెణుకు కాదు. చీలమండ బాగుండి పాదం వీపు వాచినా అనుమానించాలి. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవమంటే లేవలేడు. ఈ మూడింట్లో ఒక్కటి ఉన్నా రుద్దకూడదు, తొక్కకూడదు, నడిపించకూడదు. పలక మీద కాలు పెట్టి వదులుగా కట్టి, ఎత్తుకొని తీసుకురావాలి.

ఆ తర్వాత ఓబమ్మ నడుములు తొక్కింది గానీ పాదం తొక్కలేదు. ఎవరు కుంటుతూ కనబడినా "అరికాలు చూపించు" అనేది. బస్టాండులో, బావి దగ్గర, చర్చి మెట్ల మీద, ఎక్కడైనా సరే. కొందరు నవ్వేవాళ్లు. కొందరికి కోపం వచ్చేది. అరటికాయల వెంకమ్మ "తొక్కడం చేతగాక చూడటం నేర్చింది" అని ఆమె ముందే అంది. "అవును, చూడటం ఇప్పుడు నేర్చినాను, ముందే నేర్చుంటే బాగుండు" అని చెప్పి ఓబమ్మ, పక్కనే కుంటుతున్న వెంకమ్మ చెల్లెలి కాలు తిప్పి చూసి వదిలింది.

ఒకరోజు నా ముందు కూర్చొని, నా చేతిలోని చెప్పు తీసుకొని మధ్యలో వంచింది.

"ఇది ఇట్టా వంగుతాది గదా. కాలు కూడా ఇట్టా వంగింది. వంగనిది కుట్టగలవా?"

"అసలు వంగకపోతే ఎట్టా నడుస్తారు?"

"వేళ్ల కాడ వంగాల. నడిమిన వంగకూడదు."

రెండు నెలలు తంటాలు పడ్డాను. టైరు రెండు పొరలు వేస్తే బరువెక్కింది, ఇనుపరేకు పెడితే పొరను కోసుకుంటూ బయటికి వచ్చింది. చివరికి వలి దగ్గరికి వెళ్లాం. అతను అప్పటికి మొద్దుకు రెండు చెక్కలు బిగించి, మధ్యలో చీల పెట్టి తిప్పే పట్టుకారు తనే చేసుకున్నాడు. అందులో పెట్టి గరిటెలు చేస్తున్నాడు. మామూలు గరిటెలే. చేప తలలు చెక్కడం మానేశాడు, ఎందుకంటే పట్టుకారు చెక్కను పట్టుకుంటుంది గానీ చేతికి తగ్గట్టు తిప్పదు.

మా మాట విని నర్ది చెక్క తీసుకున్నాడు. మడమ నుంచి వేళ్ల మొదలు దాకా వచ్చే పల్చటి పలక చేసి, పాదం వంపుకు సరిపోయేలా గొరిగి ఇచ్చాడు. దాన్ని రెండు టైరు పొరల మధ్య పెట్టి కుట్టాను. మడమ వెనక పట్టీ వేశాను, చెప్పు జారకుండా. నాచు మీద నిలబడటానికి అడుగున టైరు గళ్లు అలాగే ఉంచాను. చేతిలో పట్టి వంచితే వేళ్ల దగ్గరే వంగింది.

ఓబమ్మ వాటిని కొండకు పోయేవాళ్లకు తొడిగించింది. చెప్పుల కంటే ఎక్కువగా ఆమె పోట్లాడింది మోపు కట్టడం గురించి. ఒంటికి బిగించి కట్టొద్దని, ఒక్క లాగుతో ఊడే జారుముడి వేయమని, కాలు ఇరుక్కున్న క్షణమే ముడి లాగి మోపు పారేయమని చెప్పేది. దిగేటప్పుడు సగం దారిలో అందరినీ కూర్చోబెట్టేది. అలిసిన కాలు ఎక్కడ పడుతుందో కాలికే తెలియదనేది. అంతకుముందు ఎప్పుడో బెణికి ఇంకా నొప్పి ఉన్నవాణ్ని కొండ ఎక్కనిచ్చేది కాదు. తాను మాత్రం చెప్పులు తొడగలేదు.

"ఊరందరికీ చెప్తావు, నువ్వెందుకు తొడగవు?" అన్నాను.

"ఈ కాళ్లకు దెబ్బ తగిలితే తగలనీలే" అంది.

ఎనభై మూడు వేసవిలో పెంచలయ్య పడ్డాడు. అతను బస్సుల మీద బుట్టలూ మూటలూ ఎక్కించే కూలీ. వింజమూరు బస్సు మీది నుంచి వెనక నిచ్చెన దిగుతుండగా, అతను దిగిపోయాడనుకొని బస్సు కదిలించారు. పాదం ముందుభాగం నిచ్చెన మెట్టులో ఇరుక్కొని ఉండగా మనిషి వెనక్కు పడ్డాడు. నా అంగడికి ముప్ఫై గజాల దూరంలో జరిగింది. నేనే వెళ్లి ఓబమ్మను పిలుచుకొచ్చాను.

ఆమె చెప్పు విప్పి చూసింది. అరికాలు ఇంకా నీలపడలేదు. పాదం వీపు మాత్రం అప్పుడే ఉబుకుతోంది. వేళ్ల మీద లేవమంది. అతను ప్రయత్నించి కూర్చుండిపోయాడు.

పెంచలయ్య తల్లి శీనమ్మ పరుగెత్తుకొచ్చింది. "తొక్కు ఓబమ్మా. వీడు ఒక్క పూట కూర్చుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు. తొక్కి నిలబెట్టు" అంది.

"తొక్కను."

"నా బిడ్డంటే నీకు లెక్కలేదా?"

"తొక్కి ఒక బిడ్డను కూర్చోబెట్టినాను. ఆడుండాడు పోయి చూడు. పలక తెండి, ప్రసాదం."

చుట్టూ ఉన్నవాళ్లు గొణిగారు. ఒకతను ఆమెను నెట్టి పెంచలయ్య కాలు పట్టి లాగబోయాడు. అప్పుడు వలి వచ్చాడు. అల్లంత దూరం నుంచి ఆ వంకరపాదం ఈడ్చుకుంటూ, చంకలో గరిటెల కోసం కోసిన పలకతో. అతను మధ్యలో కూర్చొని తన ఎడమకాలి చెప్పు విప్పి, పాదాన్ని పెంచలయ్య ముఖానికి దగ్గరగా పెట్టాడు.

"చూడరా. దీన్ని తొక్కించుకున్నాను. నీకూ కావాల్నా?"

పలక మీద కాలు కట్టి పెంచలయ్యను అదే బస్సులో ఎక్కించారు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఎముకల్లో తీగలు గుచ్చి ప్లాస్టర్ వేశారు. రెండు నెలలు కాలు కింద పెట్టలేదు. ఆ రెండు నెలలూ శీనమ్మ ఇంట్లో సగం పూటలు పస్తులే. ఆమె ఓబమ్మ కనబడితే ముఖం తిప్పుకునేది. మూడో నెలలో పెంచలయ్య కర్రతో లేచాడు. ఏడాదికి మూట ఎత్తాడు. వాన మబ్బు పడితే పాదం లాగుతుందంటాడు గానీ నడక మామూలే. అతని పాదం కొలత నేనే తీశాను. రెండింటికీ నడుము ఉంది.

ఆ కొలత కాగితం వలి అడిగి తీసుకున్నాడు. ఎనభై నాలుగు చివర్లో, చెప్పుల పలకల కోసం నేనూ ఓబమ్మా వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాగితం అతని మొద్దు పక్కనే ఉంది. సుగ్రాబీ టీ ఇచ్చింది. వలి పట్టుకారులో పలక బిగించి గొరుగుతున్నాడు. పని ఆపకుండానే అడిగాడు.

"అక్కా, పెంచలయ్య కాలు నువ్వు తొక్కకుండానే తెలుసుకున్నావు."

"డాక్టరు చెప్పిండాడు గదా."

"నా కాలు తొక్కినావే, అప్పుడు నీ కాలికి ఏమన్నా తెలిసిందా?"

ఓబమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. నాకు తెలుసు ఆమె ఏం చెప్పగలదో. ఏడేళ్లుగా నాకు చెబుతూనే ఉంది, అతనికి తప్ప. తెలియలేదంటే సరిపోతుంది. చదువుకున్న డాక్టరు ఫిల్ము చూస్తే తప్ప తెలియనిది ఆమెకెలా తెలుస్తుంది అని అతనూ అనుకుంటాడు.

"తెలిసింది" అంది.

"ఎప్పుడు?"

"మొదటి పొద్దే. లోపల రాళ్లు జరిగినట్టు జరిగినాయి."

ఆకురాయి ఆగింది.

"మూడోది ఎందుకు తొక్కినావు?"

"అందరూ చూస్తా ఉండారు" అంది ఓబమ్మ. "ఆపితే నాకు చేతగాలేదంటారనుకున్నాను" అంది.

తేలిగ్గా ఉందని తాను చెప్పిన మాట వలికి గుర్తొచ్చిందేమో తెలియదు, ఆ మాట ఎత్తలేదు. చీల తిప్పి పలక బయటికి తీశాడు, వేలితో అంచు తడిమి చూశాడు, నా చేతికి ఇచ్చాడు. ఆమెకు ఇవ్వలేదు.

"ప్రసాదం, ఇక మీదట నువ్వే వచ్చి తీసుకుపో" అన్నాడు.

ఓబమ్మ లేచింది. వాకిట్లో నిలబడి వాళ్ల దూలం వంక ఒకసారి చూసింది. తాడు ఎప్పుడో విప్పేశారు. ఆమె వెళ్లిపోయింది.

తర్వాత మూడేళ్లు, ఆమె చనిపోయేదాకా, వలి ఆమెతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే తల దించుకొని ఆ పాదం ఈడ్చుకుంటూ పక్కకు తప్పుకునేవాడు. నడుములు తొక్కడం కూడా ఆమె ఆ నెలతోనే మానేసింది. ఎంతమంది వచ్చి బతిమాలినా తాడు పట్టుకోలేదు. కొండ దారి మాత్రం వదల్లేదు. సగం దారిలో రాయి మీద కూర్చొని దిగేవాళ్ల ముడులు లాగి చూసేది, కుంటేవాళ్లను ఆపి అరికాళ్లు చూసేది.

పలకలు వలి ఆపలేదు. ప్రతి నెలా మొదటి వారంలో నేను వెళితే కట్ట సిద్ధంగా ఉండేది. నర్ది పలకలు, మడమ దగ్గర మందం, వేళ్ల వైపు పల్చన, ఒక్కటీ తప్పు గొరిగింది లేదు. వాటిని కుట్టి నేను ఓబమ్మకు ఇచ్చేవాణ్ని. ఆమె పొరల మధ్య వేలు పెట్టి పలక అంచు తడిమేది. ఎవరు చేశారని అడిగేది కాదు.